మూసిన డబ్బా, నిండు శబ్దం: ఇంటికి స్పీకర్లు ఎంచుకునే తీరు

(నల్లగొండలో పాటలు వినేవాళ్ల కూడికలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును మార్చకుండా రాసుకున్నది.)

పెద్దలకు, అన్నలకు, అక్కలకు అందరికీ నమస్కారం.

సీల్డ్ బాక్స్, అంటే గాలి చొరకుండ మూసిన డబ్బా స్పీకర్ల గురించి మాట్లాడమన్నరు. అందులోనూ చెవికి వినబడే శబ్దమంతా, అడుగు నుంచి పైదాకా పలికేటివి ఎట్ల ఎంచుకోవాల్నో చెప్పమన్నరు. నేను స్పీకర్లు రిపేరు చేసేటోన్ని, అడిగినోళ్లకు డబ్బాలు కట్టించేటోన్ని. కాబట్టి బల్ల మీద పెట్టుకుని విప్పి చూసిన సంగతులే చెప్త.

ముందుగాల ఒక మాట. ఇయ్యాల చెప్పేదంతా ఇంట్లో, గదిలో కూసొని వినే స్పీకర్ల గురించి. బరాత్‌కో, జాతర మైదానానికో ఈ డబ్బాలు పనికిరావు. అక్కడ తక్కువ కరెంటుతో ఎక్కువ చప్పుడు కావాలె. దానికి గొట్టం పెట్టిన డబ్బాలు, హార్న్‌లే కరెక్టు. ఏ డబ్బా పని ఆ డబ్బాదే.

ఇప్పుడు అట్టపెట్టె మీద రాసేది చూద్దాం. "20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్" అని ఉంటది. హెర్ట్జ్ అంటే శబ్దం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతదో ఆ లెక్క; తక్కువైతే లోతు శబ్దం, ఎక్కువైతే సన్నటి శబ్దం. మనిషి చెవి పట్టే హద్దు అదే కాబట్టి, ఇంకేం కావాలె అనుకుంటం. నేను ఇయ్యాల గట్టిగ చెప్పదలుచుకున్నది ఇదే: ఆ రెండు అంకెలతో ఏమీ తెలువది. ఆ కింది అంకె దగ్గర ఎంత గట్టిగ పలుకుతది, ఎంత సాఫుగ పలుకుతది, ఎంత పెద్ద గదిలో పలుకుతది, ఈ మూడు తెలిస్తేనే అది అంకె. లేకుంటే అచ్చేసిన బొమ్మ.

ఎందుకో చూద్దాం. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతది. 20 హెర్ట్జ్ శబ్దానికి ఒక్క అల పొడుగు 17 మీటర్లు. 20,000 హెర్ట్జ్ అల పొడుగు 1.7 సెంటీమీటర్లు, అంటే బొటనవేలు వెడల్పంత. ఇంత తేడా ఉన్న అలలను ఒక్కటే అట్టముక్క ఊపి పుట్టించాల్నంటే అయ్యే పని కాదు. కింది శబ్దానికి గాలిని బాగా తోసే పెద్ద కోన్ కావాలె. పై శబ్దానికి చిటికెలో కదిలి చిటికెలో ఆగే తేలికపాటి డోమ్ కావాలె. అందుకే కింది శబ్దానికి ఊఫర్, నడుమ శబ్దానికి మిడ్ రేంజ్, పై శబ్దానికి ట్వీటర్ అని పని పంచుకుంటయి.

మన పాటల్లో ఏది ఎక్కడుంటదో చెప్త. మగాయన మాట్లాడితే గొంతు అడుగు 100 హెర్ట్జ్ చుట్టూ ఉంటది. ఆడవాళ్ల గొంతు 200 చుట్టూ. బేస్ గిటార్ అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్. పియానోలో ఎడమ కొసన ఉండే మెట్టు 27.5. ఇక పైకి పోతే, "స", "శ" అక్షరాల ఉస్సు 5,000 దాటిన చోట ఉంటది. డప్పునే తీసుకోండి. కుడిచేతి సిర్ర పడితే లోతుగ దుమ్ము లేస్తది, ఎడమచేతి చిటికెన పుల్ల పడితే టక్కున పైన మోగుతది. ఆ రెండు దెబ్బలు ఒక్క తోలు మీద పడ్డట్టు వినబడాలె. ఊఫర్ ఒకచోట, ట్వీటర్ ఒకచోట మోగినట్టు వినబడితే ఆ స్పీకర్‌లో క్రాసోవర్, అంటే శబ్దాన్ని ఊఫర్‌కు, ట్వీటర్‌కు పంచే సర్క్యూట్, దాని పని బాగలేనట్టే. పెద్దగట్టు జాతరలో భేరీల చప్పుడు విన్నోళ్లకు తెలుసు, అది చెవి కంటే ముందు కడుపుకు తగుల్తది. దాన్ని రికార్డు చేసి ఇంట్లో వినాల్నంటే 40, 50 హెర్ట్జ్ దగ్గర దమ్మున్న స్పీకర్ కావాలె. మన నాగర్‌కర్నూల్ దిక్కు మొగులయ్య గారి 12 మెట్ల కిన్నెర, 2022లో పద్మశ్రీ వచ్చింది గద ఆయనకు, ఆ కిన్నెరకు ఇంత బేస్ అక్కర్లేదు. దానికి నడుమ శబ్దం నిఖార్సుగ ఉండాలె. సొరకాయ బుర్రలో గాలి మోగే తీరు, తీగ మీద వేలు జారే తీరు రెండూ వినబడాలె.

కింది కొస సంగతి జర వివరంగ చెప్త, ఎందుకంటే పైసలు పోయేది అక్కడే. మన చెవి అన్ని శబ్దాలను ఒక్క తీరుగ వినదు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు ఇది 1933లోనే కొలిచి చూపిన్రు. చప్పుడు ఎంత గట్టిగుందో కొలిచేది డెసిబెల్స్‌లో. 1,000 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ ఉన్నా నిశ్శబ్దంలో వినబడ్తది. అదే 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 78 డెసిబెల్స్ వస్తేనే వినబడుడు మొదలైతది. అంతకు తక్కువైతే శబ్దం ఉన్నా మనకు లేనట్టే.

ఇప్పుడు 8 అంగుళాల ఊఫర్ ఒకటి నేల మీది డబ్బాలో ఉందనుకోండి. కోన్ ముందుకు 5 మిల్లీమీటర్లు, వెనక్కి 5 మిల్లీమీటర్లు కదుల్తది. మంచి కదలికే అది. లెక్క కడితే 20 హెర్ట్జ్ దగ్గర, మీటరు దూరంలో సుమారు 81 డెసిబెల్స్ వస్తది. చెవి మొదలయ్యేదే 78 దగ్గర అన్నం. అంటే ఆ ఊఫర్ ప్రాణం పెట్టి కొట్టుకున్నా మీకు వినబడేది ఒక మసక చప్పుడు. అదే ఊఫర్ 40 హెర్ట్జ్ దగ్గర 93 డెసిబెల్స్ ఇస్తది. ఒక స్థాయి కిందికి దిగితే, అంటే హెర్ట్జ్ సగమైతే, అంతే గట్టిగ వినబడనీకి కోన్ నాలుగింతలు కదలాలె. రెండు స్థాయిలు దిగితే పదహారింతలు. ఈ లెక్క ఏ కంపెనీకైనా ఒక్కటే. అందుకే నాలుగు అంగుళాల ఊఫర్ ఉన్న బుల్లి డబ్బా మీద 20 హెర్ట్జ్ అని చూస్తే, అది ఎన్ని డెసిబెల్స్ పడిపోయిన చోట కొలిచిన్రో అడగండి. "ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్" అని పక్కన రాసి ఉంటే నమ్మొచ్చు. "మైనస్ 10" అని ఉంటే అక్కడికి శబ్దం చాలావరకు జారిపోయిందని లెక్క. ఏమీ రాయకుంటే ఆ అంకె పక్కన పెట్టి ఊఫర్ సైజు, డబ్బా సైజు చూడండి.

ఇక మూసిన డబ్బా. స్పీకర్ కోన్ ముందుకు పోతే ముందు గాలి నొక్కుకుంటది, వెనక గాలి సాగుతది. ఆ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటయి. అందుకే ఊఫర్‌ను డబ్బాలో పెడ్తం. ఆ డబ్బాను గాలి చొరకుండ మూస్తే లోపలి గాలి స్ప్రింగ్ అయితది. సైకిల్ పంపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి కొట్టి చూడండి, వెనక్కి తన్నుతది గద, అదే. డబ్బా ఎంత చిన్నగుంటే ఆ తన్ను అంత గట్టిగుంటది.

ఈ తన్నును పనికి తెచ్చుకోవచ్చని చూపినాయన ఎడ్గర్ విల్చర్. అమెరికాలో హెన్రీ క్లాస్‌తో కలిసి 1954లో అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టి ఏఆర్-1 అనే స్పీకర్ చేసిన్రు. అంతకు ముందు లోతు బేస్ కావాల్నంటే బీరువా అంత డబ్బాలు. ఊఫర్ సస్పెన్షన్, అంటే కోన్‌ను పట్టి ఉంచే గుడ్డ, రబ్బరు, బిగుతుగుండేది, కోన్ ఎక్కువ కదిలితే శబ్దం వంకర పోయేది. విల్చర్ ఏం చేసిండంటే సస్పెన్షన్‌ను వదులు చేసి, కోన్‌ను మళ్లీ మధ్యకు తెచ్చే పనిని డబ్బాలో గాలికి అప్పజెప్పిండు. రబ్బరు, గుడ్డ కంటే గాలి మంచి స్ప్రింగ్. రెండు దిక్కులా దాదాపు ఒక్క తీరుగ తన్నుతది. దాంతో అల్మారాలో పట్టే డబ్బాలో లోతైన, శుభ్రమైన బేస్ వచ్చింది. 1958లో ఏఆర్-3 వచ్చింది, 12 అంగుళాల ఊఫర్, మిడ్‌కూ ట్వీటర్‌కూ డోమ్‌లు. ఇయ్యాల మన ఇళ్లల్లో ఉండే డోమ్ ట్వీటర్‌కు మూలం అక్కడే.

లెక్క ఒకటే చెప్త, రాసుకునేటోళ్లు రాసుకోండి. ఊఫర్ షీట్‌లో మూడు అంకెలుంటయి. డబ్బా లేకుండ ఊఫర్ ఏ హెర్ట్జ్ దగ్గర ఊగుతదో ఒకటి. దాని సస్పెన్షన్ ఎన్ని లీటర్ల గాలికి సమానమో ఒకటి. ఊగుడు ఎంత అదుపులో ఉంటదో చెప్పే క్యూటీఎస్ ఒకటి. వీటిని ఈ తీరుకు తెచ్చినోళ్లు నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్. అందుకే థీల్-స్మాల్ అంకెలంటరు. మన ఊఫర్ 30 హెర్ట్జ్, 60 లీటర్లు, 0.35 అనుకోండి. డబ్బా 20 లీటర్లది. 60ని 20తో భాగిస్తే 3. ఒకటి కలిపితే 4. వర్గమూలం 2. దాంతో 30ని గుణిస్తే డబ్బాలో ఊగే చోటు 60 హెర్ట్జ్, 0.35ని గుణిస్తే 0.7. ఈ 0.7 అన్నది సీల్డ్ డబ్బాకు చాలా మంచి అంకె, బేస్ ఉబ్బకుండ సాధ్యమైనంత కిందిదాకా సమంగ పోతది. అదే ఊఫర్‌ను 10 లీటర్ల డబ్బాలో బిగిస్తే 79 హెర్ట్జ్, అంకె 1 దగ్గరికి పోతది. ఇంకా చిన్నది చేసి 1.2 దాటిస్తే రెండున్నర డెసిబెల్స్ ఉబ్బు వస్తది. చిన్న దుకాణంలో వింటే "అబ్బ, బేస్ ఎంతుంది" అనిపిస్తది. ఇంటికి తెచ్చుకుంటే నెల తిరగక ముందే ప్రతి పాటా ఒక్క తీరుగ బొం బొం అంటున్నట్టు అనిపిస్తది.

మరి 60 లీటర్ల పెద్ద డబ్బా కట్టిస్తే? ఊగే చోటు 42 హెర్ట్జ్, అంకె 0.5. 30 హెర్ట్జ్ దగ్గర 20 లీటర్ల డబ్బా కంటే వచ్చే లాభం 3 డెసిబెల్స్ లోపే. డబ్బా మూడింతలు చేసి అంతే. అందుకే డబ్బా సైజు చూసి మోసపోవద్దు, ఊఫర్‌కు డబ్బా కుదిరిందా చూడాలె. దీని వెనక ఒక గట్టి నియమం ఉంది. కేఎల్‌హెచ్ కంపెనీ పెట్టిన ముగ్గురిలో ఒకడైన హాఫ్‌మన్ పేరుతో చెప్తరు. లోతు బేస్, చిన్న డబ్బా, తక్కువ వాట్స్‌కు ఎక్కువ చప్పుడు. మూడిట్ల రెండే దొరుకుతయి. మూడూ ఇస్తమని ఎవరన్నా అంటే మూడోది ఎక్కడ కోసిన్రో వెతకండి.

గొట్టం డబ్బా కూడా ఒక ఎంపికే, దాన్ని తక్కువ చేసి మాట్లాడ. అదే ఊఫర్‌తో ఇంకొంచెం కిందికి పోతది, చప్పుడు కూడా ఎక్కువ. కాని గొట్టం ట్యూన్ చేసిన హెర్ట్జ్ దాటి కిందికి పోతే స్థాయికి 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతది. అక్కడ కోన్‌ను పట్టే గాలి స్ప్రింగ్ కూడా ఉండదు, ఊగి ఊగి దెబ్బ తింటది. మూసిన డబ్బా స్థాయికి 12 డెసిబెల్స్ చొప్పునే మెల్లగ దిగుతది. ఈ మెల్లగ దిగుడు మన ఇండ్లకు ఎట్ల కలిసొస్తదో చెప్త. నాకు అన్నిటికంటే ఇష్టమైన ముచ్చట ఇది.

మన దిక్కు ఇండ్లు ఎట్లుంటయి? ఇటుక గోడ, పైన స్లాబ్, కింద తాండూరు బండలు. గదులు 10 బై 12. అమెరికాలో చెక్క చట్రాలకు పలకలు కొట్టి కట్టే గోడలు బేస్‌కు ఊగుతయి, కొంత బయటికి పోనిస్తయి. మన గోడ ఊగదు. తలుపు, కిటికీ మూస్తే కింది శబ్దం గదిలోనే నిలబడ్తది. 12 అడుగుల పొడుగు గదిలో మొదటి నిలువు అల, అంటే ఎదురెదురు గోడల నడుమ కదలకుండ నిలబడిపోయే అల, సుమారు 47 హెర్ట్జ్ దగ్గర. అంతకు కింద గది మొత్తం ఒక్కసారే నొక్కుకుంటది, వదులుకుంటది. పూర్తిగ మూసిన, ఊగని గది ఐతే లెక్క ప్రకారం అక్కడి నుంచి కిందికి స్థాయికి 12 డెసిబెల్స్ దాకా గదే కలుపుతది. స్పీకర్ 12 పడిపోతుంటే గది 12 ఎత్తుతున్నదన్నట్టు. నిజం ఇంట్లో తలుపు సందులు, కిటికీలు ఉంటయి కాబట్టి అంత రాదు. కాని మన గదుల్లో ఈ లాభం చెవికి తెలిసేటంత వస్తది. మైదానంలో 50 దగ్గర జారుడు మొదలుపెట్టే మూసిన డబ్బా, మన ఇంటి గదిలో 30 దగ్గర కూడా ఉన్నట్టు తెలుస్తది. ఎండకాలం కిటికీలు బార్లా తెరిచి కూలర్ పెట్టుకున్ననాడు అదే స్పీకర్ పలుచగ వినబడితే స్పీకర్‌ను తిట్టొద్దు.

ఇవే బండలు, ఇవే గోడలు పై శబ్దానికి శత్రువులు. గది మధ్యన నిలబడి చప్పట్లు కొట్టండి. తర్వాత టింగ్ మని తోక వినబడితే ఆ గదిలో ఎంత ఖరీదు స్పీకర్ పెట్టినా గొంతు గరుకుగ వినబడ్తది. కింద జంపఖానా పరవండి, ఒక గోడకు పుస్తకాల అల్మారా, కిటికీకి మందం పరదా. పై శబ్దానికి ఇది చాలు. బేస్‌కు మాత్రం బొంతలు, పరదాలు లెక్కలోకి రావు, పదిహేడు మీటర్ల అల వాటిని ఖాతరు చెయ్యది. గది పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ ఒక్కటే ఐతే నిలువు అలలు ఒకదాని మీద ఒకటి పడి ఒకటే మోత మోగుతది. 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో రెండూ 56 హెర్ట్జ్ దగ్గరే మోగుతయి. కొత్త ఇల్లు కట్టేటోళ్లు ఇక్కడుంటే మేస్త్రీతో ఒక అడుగు తేడా పెట్టించుకోండి.

ఇప్పుడు నడుమ శబ్దం. అల పొడుగు కోన్ వెడల్పంత చిన్నదైతే శబ్దం అన్ని దిక్కులకు పరచుకోకుండ టార్చిలైటు లెక్క ముందుకే పోతది. 8 అంగుళాల కోన్‌కు ఇది 1,700 హెర్ట్జ్ దగ్గర. కాబట్టి 8 అంగుళాల ఊఫర్‌ను 3,000 దాకా పాడించే రెండు స్పీకర్ల డబ్బాలో ముందు కూసున్నాయనకు ఒక శబ్దం, పక్కన కూసున్నాయనకు ఇంకో శబ్దం. నిండు శబ్దం కావాలనుకునేటోళ్లకు నేను శబ్దాన్ని మూడు భాగాలుగ పంచుకునే డబ్బా చెప్త, అదే త్రీవే. 8 నుంచి 12 అంగుళాల ఊఫర్, దానికో మిడ్, దానికో ట్వీటర్. 1974 నాటి యమహా ఎన్ఎస్-1000ఎం దీనికి మంచి ఉదాహరణ. మూసిన డబ్బా, 12 అంగుళాల ఊఫర్, మిడ్ ట్వీటర్ రెంటికీ బెరీలియం డోమ్‌లు. ఒక్కో డబ్బా 30 కిలోల పైన. ఇప్పటికీ దాన్ని మరమ్మతు చేయించుకుని వినేటోళ్లున్నరు.

చిన్న డబ్బాల్లో మంచివి లేవని కాదు. బీబీసీ వాళ్లు బయటి ప్రసారాల వ్యాన్లలో మాట సరిగుందా లేదా వినడానికి ఎల్ఎస్3/5ఏ చేయించుకున్నరు. లోపల 5 లీటర్ల చోటే, మూసిన డబ్బా. మనిషి గొంతు దానిలో వింటే ఎదురుగ కూసున్నట్టే. కాని 80 హెర్ట్జ్ కింద దానికి పని లేదు. స్టూడియోల్లో తెల్ల కోన్‌తో కనిపించే యమహా ఎన్ఎస్-10, 1978ది, అదీ మూసిన డబ్బానే. కింది బేస్ తక్కువ, కాని దెబ్బ పడ్డ వెంటనే ఆగుతది, అందుకే మిక్సింగ్ చేసేటోళ్లు దాన్ని వదల్లేదు. ఇప్పటివి కావాల్నంటే ఏటీసీ ఎస్‌సీఎం19 ఉంది, నాయ్‌మన్ కేహెచ్ 310 ఉంది, మూసిన డబ్బాలే. ఖరీదైనవి. అన్నీ కొనమని కాదు, దేన్ని దేనికి వాడిన్రో తెలిస్తే మనకేది కావాల్నో తెలుస్తదని చెప్తున్న.

ఆంప్లి సంగతి. మూసిన డబ్బాలు ఎక్కువ వాట్స్ తింటయి. ఒక వాట్‌కు మీటరు దూరంలో 85 డెసిబెల్స్ ఇచ్చే జత అనుకుందాం. మీరు మూడు మీటర్ల దూరం కూసుంటే, రెండు స్పీకర్లు కలిసి, ఒక్కో వాట్‌కు సుమారు 80 డెసిబెల్స్ మీదాకా వస్తది. 90 కావాల్నంటే 10 వాట్స్. డప్పు దెబ్బ 100కు ఎగరాల్నంటే 100 వాట్స్. ఎప్పుడూ కాదు, ఆ దెబ్బ పడ్డ క్షణానికి. 20 వాట్ల ఆంప్లితో ఆ దెబ్బ తల తెగిపోతది, ఆ తెగుడు ట్వీటర్‌ను కాలుస్తది. చిన్న ఆంప్లితో స్పీకర్ కాలదనేది తప్పు నమ్మకం. ఇంకోటి, మూసిన డబ్బాలో వాయిస్ కాయిల్, అంటే కోన్‌ను ఊపే రాగితీగ చుట్ట, దాని వేడి బయటికి పోయే దారి తక్కువ. రాగి 100 డిగ్రీలు వేడెక్కితే నిరోధం దాదాపు 40 శాతం పెరుగుతది, చప్పుడు దాదాపు 3 డెసిబెల్స్ తగ్గుతది. మే నెలలో 44 డిగ్రీల ఎండలో రేకుల గదిలో గంటలకొద్దీ దంచితే ఈ తగ్గుడు తెలుస్తది.

దుకాణంలో ఏం చూడాల్నో చెప్పి ప్రశ్నలకు వస్త. ఫోన్‌లో సిగ్నల్ జనరేటర్ యాప్, అంటే మీరు అడిగిన హెర్ట్జ్ శబ్దం పలికించేది, వేసుకుని పోండి. 200 హెర్ట్జ్ నుంచి మెల్లగ కిందికి దించండి, సౌండ్ తక్కువ పెట్టి. ఏదో ఒక చోట గట్టిగ ఎగిరి మళ్లీ పడితే అది డబ్బా ఉబ్బు కావచ్చు, గది మోత కావచ్చు. మీరు రెండడుగులు జరిగి మళ్లీ వినండి. జరిగితే మారేది గది, మారనిది డబ్బా. 30 దగ్గరికి పోయినంక శబ్దం ఉన్నట్టుండి పల్చటి గుర్రు లెక్క మారితే, మీకు వినబడేది 30 కాదు, దానికి రెట్టింపు 60. కోన్ చాతగాక అబద్ధం పలుకుతున్నట్టు.

ఆ తర్వాత గాలి పోతున్నదా చూడాలె. పాతవి కొనేటప్పుడు ఇది తప్పదు. స్పీకర్ ఆపి, ఊఫర్ మధ్య టోపీ చుట్టూ రెండు చేతుల వేళ్లు సమంగ పెట్టి, మెల్లగ కొద్దిగ లోపలికి నొక్కి నాలుగు క్షణాలు పట్టి వదలండి. వదులు సస్పెన్షన్ ఉన్న మూసిన డబ్బాలో కోన్ చివరి కొంచెం నిదానంగ తన చోటుకు వస్తది. టప్పున వచ్చి నిలబడితే ఎక్కడో గాలి పోతున్నది. వైరు టెర్మినల్ దగ్గరో, ఊఫర్ గాస్కెట్ దగ్గరో, మూల జోడింపు దగ్గరో. అప్పుడు 35 హెర్ట్జ్ పెట్టి, అగరుబత్తి వెలిగించి అతుకుల వెంబడి మెల్లగ తిప్పండి. పొగ నిటారుగ పోతున్న చోట ఏం లేదు. పొగ వణికి పక్కకు చీలిన చోట సందున్నది. ఆ చోటకు చెవి పెడితే చిన్న ఉస్సు వినబడ్తది. ఎం-సీల్ పెడితే ఐపోయే పని, కాని తెల్వకపోతే ఆ బేస్ ఎన్నడూ రాదు. ట్వీటర్ డోమ్‌ను మాత్రం వేలుతో ముట్టొద్దు, పట్టు డోమ్ సొట్ట పడితే మళ్లీ మునుపటిలెక్క కాదు.

ఊఫర్ చుట్టూ ఉండే సరౌండ్ రబ్బరైతే మంచిది. ఫోమ్ ఐతే మన ఎండకు, చెమ్మకు పొడి పొడి రాలుతది. పాతవాటిల్లో గోటితో జర నొక్కి చూడండి, పెళుసుగ విరిగితే సరౌండ్ మార్పించే ఖర్చు కలుపుకొని బేరమాడండి.

ప్రశ్న (రిటైరైన సార్ ఒకరు): నాకు అరవై దాటినయి. 20,000 దాకా పలికే ట్వీటర్ నాకెందుకు?

మంచి ప్రశ్న సార్. ఆ వయసుకు 12,000 పైన చాలామందికి సరిగ వినబడదు, నిజమే. అందుకని 40,000 దాకా పోతదనే సూపర్ ట్వీటర్‌కు పైసలు పెట్టకండి. కాని 3,000 నుంచి 10,000 దాకా ట్వీటర్ ఎంత సాఫుగుందో అది మీకు ఇంకా ముఖ్యం. మాటలోని హల్లులు అక్కడే ఉంటయి. "తల" అన్నడా "కల" అన్నడా తెలిసేది అక్కడే. వయసు పెరిగినోళ్లకు గరుకు ట్వీటర్ ఎక్కువ ఇబ్బంది పెడ్తది. మీతో ఇంట్లో మనవలు కూడా వింటరు కద, వాళ్లకు పైదంతా వినబడ్తది.

ప్రశ్న (అక్క ఒకరు): మా హాలు చిన్నది. సోఫా గోడకు ఆనుకొని ఉంది. స్పీకర్లు ఎక్కడ పెట్టాలె?

మూసిన డబ్బాకు గోడ దగ్గరైనా పర్వాలేదక్కా. వెనక గొట్టం లేదు కాబట్టి గొట్టానికి ఊపిరాడది అన్న బాధ లేదు. డబ్బా గోడకు మీటరు ముందుకు పెడితే 86 హెర్ట్జ్ దగ్గర గోడ నుంచి తిరిగొచ్చే అల ముందు అలను కొడ్తది, బేస్‌లో గుంత పడ్తది. గోడకు దగ్గరకు జరిపితే ఆ గుంత పైకి పోతది, బేస్ నిండుతది. మూలకు మాత్రం తొయ్యొద్దు, రెండు గోడలు, నేల కలిసి బేస్‌ను అతిగ ఎత్తుతయి. సోఫాను వీలైతే గోడ నుంచి ఒక అడుగు ముందుకు జరపండి. తల వెనక గోడ ఉంటే అక్కడ బేస్ ఎక్కువ, శబ్దం మసక. ట్వీటర్ మీరు కూసున్నప్పుడు చెవి ఎత్తుకు రావాలె. టీవీ స్టాండ్ మీద పెడితే కింద రెండు చెక్క ముక్కలు పెట్టి జర పైకి వంచండి.

ప్రశ్న (యువకుడు): అన్నా, మెయిన్ స్పీకర్లు చిన్నవి పెట్టుకుని సబ్‌ఊఫర్ పెడితే కాదా?

అయితది తమ్మీ, బడ్జెట్ తక్కువున్నోళ్లకు నేను అదే చెప్త. మూసిన డబ్బా చిన్న జత, దానికి మూసిన డబ్బా సబ్ 10 అంగుళాలదో, 12 అంగుళాలదో. ఇయ్యాలటి సీల్డ్ సబ్‌లల్ల ఆంప్లి లోపలే ఉంటది, పడిపోయే బేస్‌ను కరెంటుతో పైకి ఎత్తుతది. లింక్‌విట్జ్ ట్రాన్స్‌ఫార్మ్ అనే పద్ధతి దీనికి పేరున్నది. కాని ఊరికే రాదు. ఒక స్థాయి కిందికి 12 డెసిబెల్స్ ఎత్తాల్నంటే 16 రెట్ల వాట్స్ కావాలె. 40 హెర్ట్జ్ దగ్గర 10 వాట్స్ తినే పనికి 20 దగ్గర 160. అందుకే సబ్‌లో వాట్స్ అంకె ఒక్కటే చూడొద్దు, కోన్ సైజు, కోన్ ఎంత కదుల్తదో చూడు. రిసీవర్‌లో స్పీకర్లను "స్మాల్" అని పెట్టు, 80 హెర్ట్జ్ కింద సబ్‌కు పంపు. అప్పుడు చిన్న ఊఫర్ మీద భారం తగ్గి గొంతు సాఫుగ వస్తది. సబ్ ఎక్కడున్నదో చెవికి తెలిస్తే సౌండ్ ఎక్కువ పెట్టినట్టు, తగ్గించు.

ప్రశ్న: ఒక్కటే కోన్‌తో మొత్తం శబ్దం పలికే ఫుల్ రేంజ్ స్పీకర్లు అంటరు గద, అవి?

గొంతుకు, వీణకు, కిన్నెరకు చాలా బాగుంటయి. క్రాసోవర్ ఉండదు కాబట్టి శబ్దం ఒక్క చోట నుంచి వస్తది. కాని నాలుగు అంగుళాల కోన్‌కు 40 హెర్ట్జ్ బలంగ రాదు, ఇందాక లెక్క చూసినం. ఫుల్ రేంజ్ అని పేరుంటే చాలు, 20 నుంచి 20,000 వస్తదనుకోవద్దు. దానికింద ఒక సీల్డ్ సబ్ పెడితే నా మాటకు మంచి జోడి.

ప్రశ్న (వడ్రంగి పని చేసే అన్న): నేనే డబ్బా కట్టాల్నంటే?

కట్టన్నా, మీలాంటోళ్లు కట్టాలె. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ గానీ మంచి ప్లైవుడ్ గానీ. 20 లీటర్లు కావాల్నంటే లోపలి కొలత 22, 26, 38 సెంటీమీటర్లు పెడితే 21.7 లీటర్లు వస్తది, ఊఫర్ వెనక భాగం, క్రాసోవర్ తినేది పోను 20 దగ్గరికి దిగుతది. మూడు కొలతలు ఒక్కటే పెట్టకు, ఒకదానికి రెండింతలూ పెట్టకు. మధ్యన అడ్డం పట్టీ ఒకటి, లోపలి గోడ గట్టిగ ఉండాలె. మడిచిన వేలుతో కొడితే టక్కుమనాలె, డొల్లగ మోగొద్దు. దిండ్లలో నింపే పాలిస్టర్ దూది వదులుగ నింపు, కుక్కొద్దు. దూది నింపితే డబ్బా లోపల ఇంకొన్ని లీటర్లు ఎక్కువున్నట్టు పని చేస్తది. అతుకుల్లో ఫెవికాల్ పెట్టి బిగించినంక లోపల మూలల వెంబడి ఇంకోసారి పూయి. మర్చిపోయేది ఎక్కడంటే వైరు వచ్చే బొక్క. అక్కడ సిలికాన్ నింపి, ఒక రోజు ఆరనిచ్చి, అప్పుడే ఊఫర్ బిగించు. గాస్కెట్ పట్టీ ఊఫర్ కింద పెట్టుడు మరువకు, స్క్రూలు ఒక్కసారే ఒక దిక్కు బిగించకుండ ఎదురెదురుగ కొద్దికొద్దిగ బిగించు.